ప్లాన్ పెంచే ముందు ఇల్లు చూసుకోండి: వైఫైకి ఉన్న దారులు, ఏది ఎవరికి

నెట్ స్లోగా ఉందనగానే మన ఇళ్లలో మొదట జరిగే పని ప్లాన్ పెంచడం. 100 ఎంబీపీఎస్ ఉన్నవాళ్లు 300కి వెళ్తారు. హాల్లో కూర్చుని స్పీడ్ టెస్ట్ కొడితే అంకె పెద్దదే వస్తుంది. చివరి బెడ్‌రూమ్‌లో వీడియో కాల్ మాత్రం ఎప్పటిలాగే ఆగి ఆగి వస్తుంటుంది. స్తంభం మీది నుంచి ఇంట్లోని వైఫై పెట్టె దాకా వచ్చిన ఫైబర్ బాగానే ఉంటుంది. దెబ్బంతా పెట్టె నుంచి ఫోన్ దాకా ఉన్న ఆ పది పదిహేను మీటర్లలో పడుతుంది. ఫుల్ హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 చాలని నెట్‌ఫ్లిక్స్ కంపెనీయే చెబుతోంది. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి 100 ఎంబీపీఎస్ ప్లాన్ సరిపోయి ఇంకా మిగలాలి.

కాబట్టి ప్లాన్ జోలికి పోకుండా, ఇంట్లో ఏం మార్చవచ్చో చూద్దాం. మన ముందు నాలుగు దారులున్నాయి: కంపెనీ ఇచ్చిన పెట్టెతోనే సర్దుకోవడం, కేబుల్ లాగి రెండో వైఫై పెట్టడం, సొంత రౌటర్ కొని అందులో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవడం, మెష్ సెట్ (ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెలు) కొనడం. నా మాట ముందే చెప్తున్నాను. ఎక్కువ ఇళ్లకు రెండో దారే సరైనది, అన్నిటికంటే తక్కువమంది ఎంచుకునేదీ అదే.

దేనికి డబ్బు పెట్టాలన్నా ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా పెట్టెకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ప్లాన్‌లో ఉన్న వేగం వస్తే ఆపరేటర్ వైపు తప్పు లేదు, మీ వెతుకులాట ఇంట్లోనే. కేబుల్ మీద కూడా రాకపోతే ఏ రౌటర్ కొన్నా దండగే, ఫిర్యాదు చేయాల్సిందే. నెల మొదట్లో బాగుండి చివర్లో పాకుతుంటే ఎఫ్‌యూపీ, అంటే నెలవారీ డేటా పరిమితి చూసుకోండి. ఇప్పుడు చాలా ప్లాన్లలో పరిమితి 3300 జీబీ ఉంటుంది, అది దాటితే వేగం తగ్గిస్తారు. పెట్టె మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే ఇక వేరే పరీక్షలేవీ అక్కర్లేదు, లైను తెగిందనో, కాంతి లోపలికి రావడం లేదనో అర్థం.

కంపెనీ పెట్టె

మనం రౌటర్ అని పిలిచే ఆ పెట్టెలో రెండు పరికరాలుంటాయి. ఫైబర్‌లో వచ్చే కాంతిని నెట్‌గా మార్చే ఓఎన్‌టీ ఒకటి, వైఫై ఇచ్చే రౌటర్ ఒకటి. మొదటిదాన్ని మార్చాల్సిన పని లేదు. రెండోదే బలహీనం.

ఈ దారి ఎంచుకున్నవాళ్లు చేయాల్సిన అసలు పని పెట్టె ఉన్న చోటు మార్చడం. కనెక్షన్ ఇచ్చే కుర్రాడు వైరు ఎక్కడ లోపలికి వస్తే అక్కడే మేకు కొట్టి తగిలించి వెళ్తాడు: గుమ్మం పైన, టీవీ వెనక, మీటర్ బోర్డు పక్కన. ఆ రోజే అతన్ని ఆపి, ఫైబర్‌ని ఇంటి మధ్యకు లాగమని అడగండి. ఇంట్లో ఇంకో ఇరవై మీటర్లు ఫైబర్ సాగినంత మాత్రాన సిగ్నల్‌కి చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. తలుపు సందులో నలగకుండా, మూల దగ్గర మడత పడకుండా చూసుకుంటే చాలు. వైఫై అలా కాదు. మధ్యలో ఒక ఇనుప బీరువా అడ్డం ఉంటే దాని వెనకున్న గదికి సగం సిగ్నల్ కూడా చేరదు. నిలువుటద్దం, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు కూడా అలాంటివే. వీటన్నిటికంటే గట్టి అడ్డు ఇనుప చువ్వలు పోసిన స్లాబు. కింద పోర్షన్‌లో పెట్టె పెట్టి పైన డాబా గదిలో వైఫై సరిగ్గా రావాలంటే ఏ కంపెనీ పెట్టె వల్లా కాదు.

ఆ పెట్టె సెట్టింగుల్లో చూసుకోవాల్సినవి కొన్నే. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది కానీ అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్లన్నీ అందులోనే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడ దాటేసరికి నీరసిస్తుంది. 2.4లో ఒకదాన్నొకటి తగలని ఛానళ్లు మూడే: 1, 6, 11. కూకట్‌పల్లి లాంటి చోట ఫోన్ తెరిస్తే ఇరవై వైఫై పేర్లు కనిపిస్తాయి, అవన్నీ ఈ మూడు ఛానళ్ల మీదే పడి ఉంటాయి. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని, మూడింటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించండి. వెడల్పు 40 పెడితే పేపర్ మీద వేగం రెట్టింపు, గదిలో మాత్రం గొడవ రెట్టింపు. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యుపీఎస్ ఆపేయండి, పెట్టె కింద స్టిక్కర్ మీదున్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఈ చివరి రెండు పనులు ఎవరూ చేయరు, కానీ తప్పక చేయాలి. 2018లో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లోకి చొరబడిందని సిస్కో వారి భద్రతా విభాగం లెక్కగట్టింది. అందులో ఎక్కువ భాగం ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఉండే ఇలాంటి రౌటర్లే.

సింగిల్ బెడ్‌రూమ్ అద్దె ఇల్లు అయితే ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఊళ్లో అమ్మానాన్నలు ఇద్దరే ఉండే ఇంటికి కూడా నేను పెట్టమనేది కంపెనీ పెట్టెనే. ఏదైనా పాడైతే లోకల్ కేబుల్ ఆపరేటర్ వచ్చి పది నిమిషాల్లో మార్చి వెళ్తాడు. కొడుకు బెంగళూరు నుంచి వచ్చి పెట్టిన ప్రత్యేక రౌటర్‌ని అతను ముట్టుకోడు.

కేబుల్, రెండో వైఫై

మన ఇళ్లలో అటక మీద ఒక పాత రౌటర్ తప్పకుండా ఉంటుంది. ఆపరేటర్ మారినప్పుడు మిగిలిపోయినదో, టెలిఫోన్ తీగ మీద నెట్ వచ్చిన డీఎస్‌ఎల్ రోజుల్లో కొన్నదో. దాన్ని దించి, హాల్లోని పెట్టె నుంచి చివరి గదికి ఒక ల్యాన్ కేబుల్ లాగి కలిపితే, కొత్త మెష్ సెట్ చేసే పనిలో చాలా భాగం అదే చేస్తుంది. కేబుల్‌కి గోడలు లెక్క కాదు. కాట్5ఈ కేబుల్ మీద కూడా 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ పోతుంది. అంత పొడుగు ఇల్లు ఎవరికుంది?

చేయడం ఇలా. మీ ప్రధాన పెట్టె అడ్రస్ 192.168.1.1 అనుకుందాం. పాత రౌటర్‌ని ముందు విడిగా ల్యాప్‌టాప్‌కి కలిపి, దాని అడ్రస్‌ని 192.168.1.2గా మార్చండి. తరువాత అందులో డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇంట్లో పరికరాలకు ఐపీ అడ్రసులు పంచే పెట్టె ఒక్కటే ఉండాలి, రెండు పంచితే నెట్ ఒకసారి వస్తుంది ఒకసారి రాదు. కారణం కనిపెట్టడానికి రోజులు పడుతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ ప్రధాన పెట్టెలో ఉన్నట్టే పెట్టండి, ఛానల్ మాత్రం వేరేది ఇవ్వండి. చివరగా హాల్ నుంచి వచ్చిన కేబుల్‌ని పాత రౌటర్ ల్యాన్ పోర్టుల్లో ఏదో ఒకదానికి పెట్టండి. బయటి నెట్ కోసం రంగు వేరుగా ఉన్న వ్యాన్ పోర్టులో పెట్టకండి. అంతే. హాల్ నుంచి బెడ్‌రూమ్‌కి నడిస్తే, పాత సిగ్నల్ బాగా తగ్గాక ఫోన్ తనంతట తానే దగ్గరి వైఫైకి మారుతుంది.

కేబుల్ కొనేటప్పుడు ఒక మోసం జరుగుతుంది. కాట్6 అని ముద్ర వేసి, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అమ్ముతారు. సీసీఏ అంటారు దాన్ని. ధర తక్కువ, చూడ్డానికి తేడా తెలియదు. పొడుగు పెరిగేకొద్దీ సిగ్నల్ పడిపోతుంది, ఒకటి రెండుసార్లు వంచితే లోపల తీగ తెగుతుంది. షాపులోనే చిన్న ముక్క అడిగి, ఒక తీగ మీది ప్లాస్టిక్ వలిచి, బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే వద్దని వచ్చేయండి. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే అసలు రాగి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గానీ, మీ ఊరి కంప్యూటర్ షాపులో గానీ, ప్యూర్ కాపర్ కావాలని గట్టిగా అడిగితే ఇస్తారు. అడగని వాళ్లకు చేతికందింది ఇస్తారు.

గోడ పగలగొట్టక్కర్లేదు. స్కర్టింగ్ పైన పీవీసీ కేసింగ్ పట్టీ అతికిస్తే కేబుల్ కనపడదు, అద్దె ఇంటి ఓనరూ ఏమీ అనరు. ఇల్లు కడుతున్నవాళ్లకు మాత్రం ఒక విన్నపం. ఎలక్ట్రీషియన్ గోడల్లో కరెంటు పైపులు వేసే రోజునే, ప్రతి గదికీ, సీలింగ్ మధ్యకీ ఒక ఖాళీ పైపు విడిగా వేయించండి. కేబుల్ ఇప్పుడే వేయకపోయినా సరే. ఆ పైపు ఖర్చు ఇంటి ఖర్చులో కనపడనంత చిన్నది, తరువాత గోడ కోయించే ఖర్చు అలా కాదు. కరెంటు వైర్లున్న పైపులోనే ల్యాన్ కేబుల్ దూర్చనివ్వకండి.

ఇక్కడే రిపీటర్ సంగతి. ప్లగ్‌లో పెట్టేసే ఎక్స్‌టెండర్లు చవక కాబట్టి చాలామంది ముందు వాటి వైపే పోతారు. చవక రకాలు ఒకే రేడియోతో వినాలి, అదే రేడియోతో మళ్లీ చెప్పాలి. అందువల్ల వేగం సగానికి పడిపోతుంది. కేబుల్ లాగే వీలున్న చోట దీన్ని కొనకండి.

సొంత రౌటర్, అందులో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే రౌటర్ కొనేవాళ్లలో వందకు తొంభైమంది చూసేది యాంటెనాలు ఎన్ని ఉన్నాయని. చూడాల్సింది లోపలి సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్లు బతుకుతుందని. చాలా కంపెనీలు రెండు మూడేళ్లు అప్‌డేట్లు ఇచ్చి కొత్త మోడల్ వైపు వెళ్లిపోతాయి. పెట్టె ఇంకా పదేళ్లు పనిచేయగలదు, కానీ అందులోని భద్రతా లోపాలు పూడ్చే నాథుడు ఉండడు.

2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యుఆర్‌టీ54జీ అనే నీలం, నలుపు రంగుల రౌటర్ విడుదల చేసింది. అందులో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని ప్రోగ్రామర్లు కనిపెట్టారు. లినక్స్ లైసెన్సు జీపీఎల్ ప్రకారం, దాన్ని వాడి వస్తువు అమ్మినవాళ్లు సోర్స్ కోడ్ ఇవ్వాలి. ఒత్తిడి పెరిగి 2003లో కోడ్ బయటికొచ్చింది. దాని మీద పెరిగినదే 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ. ఆ పేరులోని డబ్ల్యుఆర్‌టీ ఆ పాత రౌటర్ పేరే. కంపెనీలు వదిలేసిన ఎన్నో మోడళ్లకు ఇవాళ్టికీ అప్‌డేట్లు అందిస్తున్నది ఈ స్వచ్ఛంద ప్రాజెక్టే. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉన్నందుకు నాకు నిజంగా కృతజ్ఞత ఉంది.

దీన్ని వేసుకోవడానికి నేను చెప్పే మొదటి కారణం ఎస్‌క్యూఎం, అంటే రౌటర్‌లో డేటా వరుసను అదుపులో పెట్టే పద్ధతి. ఒక మామూలు సాయంత్రం చూడండి. డల్లాస్‌లో ఉన్న కూతురితో అమ్మ వీడియో కాల్‌లో ఉంది. అప్పుడే ఇంటికొచ్చిన తమ్ముడి ఫోన్ వైఫై ఎక్కి, పెళ్లిలో తీసిన వీడియోలన్నీ బ్యాకప్‌కి పంపడం మొదలెట్టింది. మన దగ్గర్నుంచి అమెరికాకి వెళ్లి రావడానికే ఒక్కో డేటా ముక్కకి (ప్యాకెట్‌కి) 200 మిల్లీసెకన్లకు పైన పడుతుంది, అది తగ్గించడం ఎవరివల్లా కాదు. కానీ ఇప్పుడు పెట్టెలో అప్‌లోడ్ వరుస పేరుకుపోయి, అమ్మ మాటల ప్యాకెట్లు టోల్‌గేటు దగ్గర లారీల వెనక ఇరుక్కున్న అంబులెన్సులా నిలబడిపోతాయి. ఇంకో అర సెకను, ఒక్కోసారి సెకను. మాట మీద మాట పడుతుంది, బొమ్మ ఆగిపోతుంది. స్పీడ్ టెస్ట్‌లో మాత్రం అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. దీని పేరు బఫర్‌బ్లోట్. ఆ పేరు ప్రచారంలోకి తెచ్చింది జిమ్ గెట్టిస్. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ దీనికి కోడెల్ అనే పద్ధతి చూపించారు: ప్యాకెట్లు వరుసలో 5 మిల్లీసెకన్లకు మించి వేచి ఉండడం కొనసాగుతుంటే కొన్నిటిని వదిలేయాలి, అప్పుడు పంపేవాడు తనే నెమ్మదిస్తాడు. ఎవరి ప్రవాహానికి వారి వరుస విడిగా పెట్టి ఎఫ్‌క్యూ కోడెల్, ఆ తరువాత కేక్ వచ్చాయి. వీటిని ఇంటి రౌటర్ల దాకా తేవడానికి ఏళ్ల తరబడి పాటుపడ్డ డేవ్ టాట్ 2025లో కన్నుమూశారు. ఇవాళ మన ఇంట్లో కాల్ తెగకుండా ఉంటే అందులో ఆయన కష్టం ఉంది.

సెట్ చేయడం తేలిక. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేస్తే, నెట్‌వర్క్ మెనూ కింద దాని పేజీ వస్తుంది. కేబుల్ మీద కొలిచిన వేగంలో 90 శాతం అంకెను డౌన్‌లోడ్‌కీ, అప్‌లోడ్‌కీ ఇవ్వండి, వరుస పద్ధతి కేక్ ఎంచుకోండి. ఆ 10 శాతం వేగం వదులుకున్నందుకు వరుస మీ చేతిలోకి వస్తుంది. బ్యాకప్ నడుస్తూనే ఉంటుంది, కాల్ కూడా నడుస్తూనే ఉంటుంది. 100 ఎంబీపీఎస్ లైనుకు ఎంటీ7621 లాంటి పాత చిప్ సరిపోతుంది. 300కు పైన అయితే ఇంకా బలమైన ప్రాసెసర్ ఉన్న మోడల్ చూసుకోవాలి.

కొనే ముందు మోడల్ పేరుతో పాటు వెర్షన్ చూడండి. ఉదాహరణకు టీపీ-లింక్ ఆర్చర్ సీ6 తీసుకుంటే, వీ2లో క్వాల్‌కమ్ చిప్, వీ3లో మీడియాటెక్ చిప్. డబ్బా మీద పేరు ఒకటే, లోపల వస్తువు వేరు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సైట్‌లోని పరికరాల పట్టికలో మీ వెర్షన్ ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. స్టోరేజ్ 16 ఎంబీ, ర్యామ్ 128 ఎంబీ కంటే తక్కువున్నవి వద్దు. డబ్బా మీది అంకెలకూ లొంగకండి. ఏసీ1200 అంటే 300, 867 రెండూ కలిపి పైకి సవరించిన అంకె, ఏ ఒక్క ఫోన్‌కీ అంత రాదు. అదే ఏసీ1200 పేరుతో 100 ఎంబీపీఎస్ పోర్టులున్న రౌటర్లు కూడా అమ్ముతున్నారు. 300 ప్లాన్ కట్టి దాన్ని పెడితే 100 దగ్గరే ఆగిపోతుంది. గిగాబిట్ పోర్టులు అని రాసి ఉండాలి.

వేసే రోజు రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కాక చాలా రౌటర్లలో వైఫై ఆగి ఉంటుంది, ల్యాన్ కేబుల్‌తో లోపలికి వెళ్లి మీరే ఆన్ చేయాలి. మీ ఆపరేటర్‌ది పీపీపీఓఈ లైను (యూజర్ ఐడీతో లాగిన్ అయ్యేది) అయితే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ముందే అడిగి రాసుకోండి, పెట్టె తన రౌటర్ పని మానేసి నెట్‌ని మీ రౌటర్‌కి అందించేలా బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమనండి. కొన్నిచోట్ల పాత పరికరం మ్యాక్ అడ్రస్‌కే (దాని గుర్తింపు నంబరుకే) లైను కట్టేసి ఉంచుతారు, ఫోన్ చేసి విడిపించుకోవాలి.

ఇంట్లో ఇలాంటి వాటి మీద ఆసక్తి ఉన్న మనిషి ఒక్కరైనా ఉంటేనే ఈ దారి. లేకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా, పాడైన రోజున ఇంటిల్లిపాదికీ ఇబ్బంది.

ఇంట్లోని కెమెరానో కంప్యూటర్‌నో బయటి నుంచి చూడాలనుకునేవాళ్లు, రౌటర్ కొనేముందే ఇప్పుడున్న పెట్టె స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రస్ (బయటి నెట్ వైపు అడ్రస్) చూసుకోండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నారు, అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ఆపరేటర్ చాలా ఇళ్లకు పంచుతున్నాడు, మీ చేతిలో పబ్లిక్ అడ్రస్ లేదు. బయటి నుంచి లోపలికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా పనిచేయదు. ఐపీవీ6 (కొత్త తరం అడ్రసులు) వాడటం గానీ, ఆపరేటర్ దగ్గర స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రస్) కొనడం గానీ, మీ పరికరాలను ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకోవడం గానీ చేయాలి.

మెష్

మూడంతస్తుల ఇల్లు, మార్బుల్ నేల, కేబుల్ లాగే వీలే లేదు, ఖర్చుకు వెనకాడరు. అప్పుడు మెష్ కొనండి. రెండు బ్యాండ్ల చవక మెష్‌లో పెట్టెలు తమలో తాము మాట్లాడుకోవడానికీ, మీ ఫోన్‌తో మాట్లాడటానికీ అదే రేడియో వాడతాయి, కాబట్టి రిపీటర్ జబ్బు ఇందులోనూ కొంత ఉంటుంది. మూడో బ్యాండ్ విడిగా ఉన్నవి మెరుగు, ధర కూడా బాగా ఎక్కువ. చాలా సెట్లకు వెనక ల్యాన్ పోర్టు ఉంటుంది, ఒక్క అంతస్తుకైనా కేబుల్ దొరికితే దాంతో కలపండి. ఇంకో సంగతి, ఒక కంపెనీ సెట్‌కి రేపు ఇంకో కంపెనీ పెట్టె కలుస్తుందన్న నమ్మకం లేదు. కొన్ని సెట్లు ఫోన్ యాప్, ఆన్‌లైన్ ఖాతా లేనిదే సెట్టింగులు తెరవనివ్వవు, అలాంటివి నేను ఎవరికీ చెప్పను.

కరెంటు పోతే

ఏ దారి ఎంచుకున్నా మన దగ్గర దీన్ని మరిచిపోకూడదు. ఇన్వర్టర్ లేని ఇంట్లో ఒక మినీ యూపీఎస్ పెట్టుకోండి. మీ పెట్టె అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చదవండి. చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది, కొన్ని పాతవాటికి 9. వోల్టు తేడా పడితే పెట్టె కాలిపోవచ్చు, ఆంపియర్ మాత్రం రాసినదానికంటే ఎక్కువున్నా ఫరవాలేదు. సొంత రౌటర్ ఉంటే ఓఎన్‌టీకి, రౌటర్‌కి రెండింటికీ బ్యాకప్ ఉండాలి, ఒక్కదానికే పెడితే ఉపయోగం లేదు. మీ వీధిలో కరెంటు పోయినా ఫైబర్ లైను ఆగాల్సిన పని లేదు. స్తంభాల మీదుండే స్ప్లిట్టర్లు కాంతిని పంచేవే తప్ప వాటికి కరెంటు అవసరం ఉండదు. అవతల ఆపరేటర్ గదిలో బ్యాటరీలు నడుస్తున్నంతసేపు నెట్ మీ గుమ్మం దాకా వస్తూనే ఉంటుంది. కనెక్షన్ తీసుకునేటప్పుడు ఆ బ్యాటరీ బ్యాకప్ ఎన్ని గంటలు వస్తుందో ఆపరేటర్‌ని అడగండి.